వాపసు పద్దు

కల్గూర్లీలో ఎర్రదుమ్ము
నాకంటే ముందే వచ్చి కౌంటర్ మీద కూర్చుంటుంది.
దాన్ని తుడిచి తాళాలగుత్తి పెడతాను.
ఇంజిన్ గంటలు, డీజిల్ మట్టం, టైరు గాట్లు,
ఎడమ తలుపు కింద పాత సొట్ట.
వెళ్ళేటప్పుడు ఎలా ఉందో రాసుకోకపోతే
వచ్చాక ఎవరితోనూ వాదించలేం.
ఈ ముక్క నేర్పినవాడు బులవాయోలో హడెబే.
రెండు కాంక్రీట్ మిక్సర్లు, ఒక పంపు,
పదకొండు కట్టల పరంజా గొట్టాలు,
అదీ నా తొమ్మిదేళ్ళ అనుభవం.

వీసాకి ముందు నైపుణ్యం తూచేవాళ్ళు అడిగారు:
లెటర్‌హెడ్ మీద, తేదీ వేసి,
మీ కింద ఎంతమంది, బడ్జెట్ ఎంత,
నిర్ణయాలు ఎవరివి?
హడెబేకి లెటర్‌హెడ్ లేదు,
సగం అరిగిన రబ్బరు స్టాంపు ఉంది.
"నువ్వే రాసుకో, సంతకం నాది" అన్నాడు.
రెండు రాత్రులు పట్టింది.
"బాధ్యత గల" అని రాసి కొట్టేశాను.
"ఆమె" అని రాస్తుంటే
పక్కగదిలో ఇంకెవరో ఉన్నట్టనిపించింది.
నా కింద ఎంతమంది?
లవ్‌మోర్ ఒక్కడు, వానలు పడితే వాడూ రాడు.
ఆఖరికి కార్బన్ రసీదు పుస్తకాలు పంపాను,
పద్నాలుగు.

నా పేరు గడుల్లో పట్టలేదు.
సిఖాంగెజి దాకా వచ్చి ఆగింది.
మిగిలిన "లే" ఎటు పోయిందో
ఇప్పటికీ ఏ ఆఫీసుకీ తెలీదు.
ఇక్కడ అందరికీ సిక్కీని.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
ఆ బరువుకి రోజుకింతని ధర కట్టడమే
మూడేళ్ళుగా నా పని.

నా స్పాన్సర్ గ్లెనిస్. డెబ్భై దాటాయి, మోకాళ్ళు పోయాయి.
మార్చిలో ఓ మంగళవారం
టీలో చక్కెర వేయడం మరిచి కలుపుతూ చెప్పింది:
"అమ్మేస్తున్నా. పెర్త్ వాళ్ళు మెషిన్లు మాత్రం కొంటారట."
"మాత్రం" అన్న మాట
చెంచాతో పాటు కప్పులో తిరుగుతూ ఉండిపోయింది.

జాబితా నేనే రాశాను. ఇంకెవరికి తెలుసు?
సిజర్ లిఫ్టులు ఆరు.
లైటింగ్ టవర్లు నాలుగు, అందులో ఒకటి కుంటిది.
వెల్డింగ్ జనరేటర్, చలికాలం పొద్దున రెండుసార్లు తన్నాలి.
తన్నేది ఎవరో రాయడానికి గడి లేదు.

నూట ఎనభై రోజులు.
ఇంకో స్పాన్సర్ దొరకాలి, ఇదే పేరున్న పనికి.
బ్రోకెన్ హిల్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు:
"మేనేజర్ అక్కర్లేదమ్మా, కౌంటర్ మీద మనిషి చాలు."
తాళాలు అవే, చేతులు ఇవే.
కానీ పేరు మారితే కోడ్ మారుతుంది,
కోడ్ మారితే మా అమ్మాయి స్కూలు మారుతుంది,
దేశంతో సహా.
థొకోకి ఇవేవీ తెలీవు.
ఫుటీ బూట్లు కావాలంటోంది, ఒక సైజు పెద్దవి,
వచ్చే ఏడాదికీ సరిపోవాలట.

ఆఖరి శుక్రవారం.
ఏ మెషిన్ ఎక్కడ నిలబడేదో
నూనె మరకలు చెబుతున్నాయి, అంతే.
గేటు సగం మూశాక వచ్చాడు ముసలి బ్రానిమిర్,
బండి వెనక గుంతలు తొలిచే ఆగర్‌తో.
పదకొండు నెలలు ఆలస్యం.
కంచె సగంలో ఉండగా గుండెనొప్పి, ఆసుపత్రి,
ఆ తర్వాత షెడ్డులో దాని మీద గోనెపట్టా.
కడిగి తెచ్చాడు. పళ్ళకి గ్రీజు కూడా పూశాడు.
"ఎంత బాకీ?"

లెక్క కడితే దాని ఖరీదుకి రెండింతలు.
జాబితాలో అది లేదు,
"పోయింది" అని నేనే కొట్టేశాను.
గంటలు చూశాను. పెట్రోలు చూశాను.
కుడి పిడి మీద కొత్త గీత, అదీ రాశాను.
బాకీ గడిలో సున్నా పెట్టాను.
ఆ నిర్ణయం ఎవరిదని ఎవరూ అడగలేదు.
కింద పూర్తి పేరు,
"లే" మాత్రం గీత దాటి అంచు దాకా పోయింది.

నకలు ఆయన చేతికిచ్చాను.
అసలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.
రేపెవరైనా అడగొచ్చు.